పార్లర్ బాటిలా, అంగడి షాంపూనా? అనంతపురం నీళ్లకు ఏది సరిపోతుంది

క్లుప్తంగా: పార్లర్‌లో అమ్మే షాంపూకూ కిరాణా అంగడిలో దొరికే షాంపూకూ ధరలో ఉన్నంత తేడా సరుకులో లేదు. రంగు వేయని, స్ట్రెయిటెనింగ్ చేయించని జుట్టుకు అంగడి షాంపూ చాలు. బ్లీచ్, కలరింగ్ చేయించిన జుట్టుకు కొన్ని పార్లర్ ఉత్పత్తులు నిజంగానే పనికొస్తాయి, కానీ అక్కడా తేడా షాంపూలో కంటే కండిషనర్‌లో, మాస్క్‌లో ఎక్కువ. చుండ్రుకూ, రాలుడుకూ సమాధానం ఈ రెండు చోట్లా దొరకదు. బోరు నీళ్లతో తలకు పోసుకునే ఇళ్లలో బాటిల్ కంటే ముందు ఆలోచించాల్సింది నీళ్ల గురించి.

స్మూతెనింగ్, కలరింగ్, హెయిర్ స్పా ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరుకే పరిమితమైన సంగతులు కావు. అనంతపురంలో పెళ్లిళ్ల సీజన్ వస్తే పార్లర్లలో ఖాళీ ఉండదు. పని పూర్తయి డబ్బులు కట్టే సమయానికి కౌంటర్ దగ్గర ఒక మాట వినబడుతుంది: "బయట షాంపూలు వాడకండి మేడమ్, చేయించుకున్నదంతా పోతుంది." పక్కనే షెల్ఫ్‌లో పొడవాటి బాటిళ్లు ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు రూపాయి సాషేతోనో సీకాయతోనో ఏళ్లుగా సరిపెట్టుకుంటున్నారు. మరి అన్ని రూపాయలు ఎక్కువ పెట్టి కొంటే వచ్చేదేమిటి? 2025 సెప్టెంబర్ 22 నుంచి షాంపూ మీదా, పార్లర్ సేవల మీదా జీఎస్టీ ఒకేసారి తగ్గడంతో ఈ ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది.

కంపెనీ ఒకటే, దారులు రెండు

మొదట తేల్చుకోవాల్సింది ఎవరు తయారు చేస్తున్నారన్నది. లోరియల్ కంపెనీనే చూడండి. సూపర్‌మార్కెట్‌లో దొరికే లోరియల్ పారిస్, గార్నియర్ దానివే. పార్లర్లలో కనిపించే లోరియల్ ప్రొఫెషనెల్, మేట్రిక్స్, కెరాస్టాస్ కూడా దానివే. అంటే అంగడి సరుకు ఏదో చిన్న కార్ఖానాలో తయారై, పార్లర్ సరుకు మాత్రం శాస్త్రవేత్తల చేతుల మీదుగా వస్తుందనుకోవడం పొరపాటు. రెండింటి వెనకా ఉన్నవి అవే పరిశోధనశాలలు.

మారేది అమ్మే దారి. అంగడి షాంపూ డిస్ట్రిబ్యూటర్ నుంచి వేల కిరాణా అంగళ్లకు వెళుతుంది. ఒక్కో ప్యాకెట్ మీద అంగడాయనకు మిగిలేది తక్కువ, టీవీ ప్రకటనలకు కంపెనీ పెట్టేది ఎక్కువ. పార్లర్ సరుకుకు అంత ప్రకటన ఉండదు. దాని బదులు పార్లర్‌కు పెద్ద మార్జిన్, సిబ్బందికి శిక్షణ, చాలాచోట్ల అమ్మకాల టార్గెట్ ఉంటాయి. ప్రకటన పని కూడా స్టైలిస్టే చేస్తున్నట్టు లెక్క. ఆమె చెప్పేది అబద్ధమని దీని అర్థం కాదు, జుట్టును చేత్తో పట్టి చూసినవారి సలహాకు విలువ ఉంది. కానీ ఆ సలహా అమ్మకంతో ముడిపడి ఉందని కొనేవారికి తెలిసి ఉండాలి.

ఇక "ప్రొఫెషనల్" అన్న ముద్ర సంగతి. మన దేశంలో ఇది సరుకు నాణ్యతకు చట్టం ఇచ్చే తరగతి కాదు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనలు రూపాయి సాషేకూ, వెయ్యి రూపాయల బాటిల్‌కూ ఒకటే.

బాటిల్ వెనక ఏం రాసి ఉంటుంది

ఏ షాంపూలోనైనా ఎక్కువ భాగం నీళ్లే. తర్వాతి స్థానం జిడ్డును వదిలించే పదార్థానిది. చాలా షాంపూల్లో అది సోడియం లారెత్ సల్ఫేట్. దాని ఘాటు తగ్గించడానికి కోకామిడోప్రొపైల్ బీటైన్ కలుపుతారు. జుట్టు జారుడుగా అనిపించడానికి డైమెథికోన్ లాంటి సిలికోన్, ఆపైన ఉప్పు, సువాసన, చెడిపోకుండా ఉంచే ప్రిజర్వేటివ్. పార్లర్ బాటిల్ వెనక చదివినా చాలావరకు ఇవే పేర్లు కనబడతాయి.

లేబుల్ మీద పదార్థాలను ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరుసగా రాయాలి. ఒక శాతం లోపు ఉన్నవాటిని మాత్రం చివర్లో ఏ క్రమంలోనైనా రాయవచ్చు. ఇక్కడే కొనేవారికి పనికొచ్చే ఆనవాలు ఒకటి ఉంది. షాంపూలో సువాసన సాధారణంగా ఒక శాతం అటూ ఇటూ ఉంటుంది. "పర్‌ఫ్యూమ్" లేదా "ఫ్రాగ్రెన్స్" అన్న మాట ఎక్కడుందో చూసి, దాని తర్వాత వచ్చే పేర్లు చదవండి. ముందు వైపు పెద్ద అక్షరాల్లో మెరిసే కెరాటిన్, ఆర్గాన్ నూనె, ఉల్లి రసం, బాదం చాలాసార్లు అక్కడ, ఆ చివర్లోనే దొరుకుతాయి. ఉన్నమాట నిజమే, కానీ ఉన్నది చిటికెడు. అదీ తల మీద నిమిషమో రెండు నిమిషాలో ఉండి నీళ్లతో పోతుంది. రెండు రకాల బాటిళ్లకూ ఇది వర్తిస్తుంది.

పార్లర్ షాంపూ చిక్కగా ఉంటుంది, కొంచెం వేస్తే చాలు అనే మాట కూడా తరచూ వింటాం. చిక్కదనం బలానికి గుర్తు కాదు. సల్ఫేట్ షాంపూలో కాస్త ఉప్పు కలిపితే అది చిక్కబడుతుంది, తయారీదారులు ఆ పని మామూలుగా చేస్తారు. కొన్ని పార్లర్ షాంపూల్లో నురగ పదార్థం ఎక్కువ ఉండవచ్చు గానీ, ధరలో తేడాను అది పూడ్చగలదా అన్నది లెక్కేసి చూడాలి. ఉదాహరణకు 650 మి.లీ. అంగడి షాంపూ 400 రూపాయలు, 250 మి.లీ. పార్లర్ షాంపూ 800 రూపాయలు అనుకుందాం. మొదటిది మి.లీ.కి దాదాపు 62 పైసలు, రెండోది 3 రూపాయల 20 పైసలు. పొడవాటి జడకు మొదటిది 8 మి.లీ. పడితే ఖర్చు సుమారు 5 రూపాయలు. అదే ఖర్చులో రెండోది ఒకటిన్నర మి.లీ. వస్తుంది. పొడవాటి జుట్టుకు ఒకటిన్నర మి.లీ. చాలదు. ఈ లెక్క ఎవరైనా తమ ఇంటి బాటిళ్లతో వేసుకోవచ్చు. ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ పక్కనే మి.లీ. ధర కూడా ముద్రిస్తున్నారు.

సాషేల లెక్క ఇంకో రకం. 1983లో కడలూరులో సి.కె. రంగనాథన్ చిక్ ఇండియా పేరుతో మొదలుపెట్టిన చిన్న కంపెనీ, తర్వాత కావిన్‌కేర్ అయింది. అలాంటి సంస్థలు సాషేలను పల్లెల దాకా తీసుకెళ్లాయి. పెద్ద ప్యాకెట్ కొంటే చవక అన్న మామూలు సూత్రం షాంపూల్లో చాలాసార్లు తలకిందులవుతుంది, సాషేలోనే మి.లీ. ధర తక్కువ పడుతుంది. చెత్త మాత్రం ఎక్కువ.

అసలు తేడా కుళాయిలో ఉంది

అనంతపురం జిల్లా దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటి. ఏడాదికి సగటు వర్షపాతం సుమారు 550 మి.మీ. నదులు, కాలువల నీళ్లు అందని చోట బోరే దిక్కు. గ్రానైట్ రాళ్ల పగుళ్లలో ఏళ్లతరబడి నిలిచిన నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. పాఠ్యపుస్తకం దాన్ని కఠిన జలం అంటుంది, జనం ఉప్పు నీళ్లంటారు. తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 600 వరకు ఒప్పుకోవచ్చు. పరీక్ష చేయించకపోయినా ఇంట్లో ఆనవాళ్లు కనబడతాయి. కందిపప్పు ఎంతకీ ఉడకదు. బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర తెల్లగా పేరుకుంటుంది. గీజర్ కాయిల్ తరచూ పోతుంది.

ఇక్కడ ఒక అయోమయాన్ని తొలగించాలి. ఈ జిల్లా నీళ్లంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. అది తాగడం వల్ల పళ్లకూ ఎముకలకూ హాని. జుట్టు బిరుసెక్కడం వెనక ఉన్నది కాల్షియం, మెగ్నీషియం. రెండు సమస్యలూ ఒకే బోరులో ఉండవచ్చు గానీ ఒకటి కాదు.

వెంట్రుక పైపొర ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకున్న సన్నని పలకలతో ఉంటుంది. దాని మీద రుణావేశం (నెగెటివ్ చార్జ్) ఉన్న చోట్లకు కాల్షియం అంటుకుంటుంది. బ్లీచ్ చేసిన, రంగు వేసిన, ఎండకు దెబ్బతిన్న జుట్టులో అలాంటి చోట్లు ఎక్కువ, కాబట్టి అది ఇంకా ఎక్కువ కాల్షియంను పట్టుకుంటుంది. పార్లర్‌లో వేలు పోసి కలరింగ్ చేయించుకున్నవారికే బోరు నీళ్ల దెబ్బ ముందు తగలడానికి కారణం ఇదే. ఫలితం: జుట్టు ముట్టుకుంటే గరుకుగా ఉండడం, మెరుపు పోవడం, చిక్కు పడడం, దువ్వేటప్పుడు తెగడం. వెంట్రుక బలం మీద కఠిన జలం ప్రభావం గురించి పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు. గరుకుదనం మాత్రం చేతికి తెలిసేదే.

ఈ నీళ్లలో అన్నిటికంటే అన్యాయంగా పనిచేసేది ఒంటి సబ్బు. సబ్బు కాల్షియంతో కలిసి కరగని తెట్టు కడుతుంది, అది జుట్టుకు పట్టేస్తుంది. షాంపూలోని సల్ఫేట్ పదార్థాలకు ఈ ఇబ్బంది చాలా తక్కువ. కుంకుడుకాయ, సీకాయల్లో నురగనిచ్చే సాపోనిన్లు అనే పదార్థాలు కూడా తెట్టు కట్టవు. బోరు నీళ్ల ఊళ్లలో కుంకుడు రసం అంతకాలం నిలబడడానికి ఇదొక బలమైన కారణమై ఉండాలి.

అయితే పరిష్కారం ఏమిటి? చాలా షాంపూల్లో ఈడీటీఏ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది, అది కాల్షియంను పట్టుకుని నీళ్లతో తీసుకుపోతుంది. ఇది మోతాదు పెంచి చేసినవాటిని కీలేటింగ్ షాంపూలంటారు. పార్లర్ బ్రాండ్లలో ఇవి తేలిగ్గా దొరుకుతాయి, కిరాణా అంగట్లో అరుదు. రెండు మూడు వారాలకు ఒకసారి వాడితే సరిపోతుంది, రోజువారీ వాడకానికి కాదు. పార్లర్ షెల్ఫ్ మీద షాంపూల్లో డబ్బు పెట్టదగినదంటూ ఉంటే ముందుగా ఇదే.

దీనికంటే చవకైన మార్గం ఇంకొకటి ఉంది. ఉమ్మడి జిల్లాలో ఫ్లోరైడ్ పల్లెల కోసం 1995లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చింది. నగరానికి పెన్నహోబిలం రిజర్వాయర్ నుంచి కుళాయి నీళ్లొస్తాయి. అందుకే తాగడానికి ఒక నీళ్లు, వాడుకకు బోరు నీళ్లు అన్నది చాలా ఇళ్లలో అలవాటు. తల మొత్తం బోరు నీళ్లతో కడిగినా, చివరి రెండు చెంబులు కుళాయి నీళ్లతోనో క్యాన్ నీళ్లతోనో పోసుకుంటే జుట్టు మీద మిగిలే ఉప్పు బాగా తగ్గుతుంది. ఆ చెంబులో కొన్ని చుక్కల నిమ్మరసం కలిపినా ఉపయోగమే, మాడు మీద పుండ్లు లేకపోతేనే. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: ఆర్వో మిషన్ నుంచి బయటికి పోయే వేస్టు నీళ్లను కొందరు పట్టి స్నానానికి వాడతారు. ఆ నీళ్లలో బోరు నీళ్లకంటే ఉప్పు ఇంకా ఎక్కువ. ఇల్లు తుడవడానికి పనికొస్తాయి, తలకు కాదు. షవర్‌కు బిగించే చిన్న ఫిల్టర్లు ఎక్కువగా క్లోరిన్‌ను తగ్గించేవే. కాల్షియంను తీసేది రెసిన్ ఉన్న సాఫ్ట్‌నర్, దాన్ని ఉప్పుతో మళ్లీ మళ్లీ శుభ్రం చేయాలి.

కర్నూలులో తుంగభద్ర నీళ్లు వచ్చే వీధిలో ఉన్న బంధువు "ఈ షాంపూ భలే ఉంది" అంటే, అనంతపురం శివారు కాలనీలో బోరు మీద బతికేవారికి అదే షాంపూ అలా పనిచేయకపోవచ్చు. ఆన్‌లైన్ రివ్యూలతో వచ్చే చిక్కూ ఇదే. రాసినవారి కుళాయిలో ఏ నీళ్లొస్తాయో అందులో ఉండదు.

నూనె తలకు సల్ఫేట్ లేని షాంపూ

పార్లర్లు ఎక్కువగా చెప్పే మాట "సల్ఫేట్ ఫ్రీ". కలరింగ్, స్మూతెనింగ్ చేయించిన జుట్టుకు మెత్తని షాంపూ మంచిదన్నది సబబే. రంగు వెలిసిపోవడంలో షాంపూతో పాటు నీళ్లకూ పెద్ద పాత్ర ఉంది కాబట్టి, షాంపూ మార్చడం కంటే తలకు పోసుకునే సార్లు తగ్గించడం రంగును ఎక్కువ కాపాడుతుంది.

సమస్య నూనె దగ్గర వస్తుంది. రాత్రి కొబ్బరి నూనె బాగా పట్టించి పొద్దున తలకు పోసుకోవడం ఇక్కడి అలవాటు. అది చెడ్డ అలవాటేమీ కాదు. కడగడానికి ముందు రాసిన కొబ్బరి నూనె వెంట్రుకలోకి కొంత ఇంకి, ప్రొటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని 2003లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. కానీ అంత నూనెను సల్ఫేట్ లేని మెత్తని షాంపూ ఒక్కసారికి వదిలించలేదు. మూడుసార్లు రుద్దాల్సి వస్తుంది, ఖరీదైన బాటిల్ నెలలో అయిపోతుంది. నూనె తలకు మామూలు అంగడి షాంపూనే తగింది. మెత్తని షాంపూ కావాలంటే నూనె కొద్దిగా, వెంట్రుకల చివర్లకే రాసుకోవాలి.

పార్లర్ సరుకు ఎక్కడ నిలబడుతుంది

మూడు చోట్ల. మొదటిది, రసాయన పనులు. రంగుతో కలిపే డెవలపర్లలో 20 వాల్యూమ్ అంటే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, 30 అంటే 9, 40 అంటే 12. ఏది ఎంతసేపు ఉంచాలో తెలియనివారి చేతిలో ఇవి జుట్టును తెంపేస్తాయి, మాడును కాలుస్తాయి. ఇక్కడ డబ్బు ఇచ్చేది బాటిల్‌కు కాదు, చేతికి. నల్ల రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది. చెవి వెనక కొద్దిగా రాసి 48 గంటలు చూడడమన్నది పార్లర్‌లోనైనా, ఇంట్లోనైనా వదలకూడని పని.

రెండోది, దెబ్బతిన్న జుట్టుకు వాడే బాండ్ బిల్డర్లు, అంటే వెంట్రుక లోపల తెగిన బంధాలను మళ్లీ కలపడానికి చేసిన ఉత్పత్తులు. 2014లో వచ్చిన ఓలాప్లెక్స్ ముందుగా పార్లర్లలోనే దొరికేది, అందులోని పదార్థం అప్పటికి నిజంగా కొత్తది. బ్లీచ్ చేసిన జుట్టుకు దీనివల్ల ప్రయోజనం ఉంది. బ్లీచ్ చేయని నల్ల జుట్టుకు ఆ ఖర్చు అనవసరం.

మూడోది కండిషనర్లు, మాస్కులు. షాంపూ కాలవలోకి పోతుంది, కండిషనర్ కొంత జుట్టు మీద మిగులుతుంది. అందువల్ల కొంచెం ఎక్కువ పెట్టాలనుకుంటే ఇక్కడ పెట్టడం సబబు. అయినా అంగడి కండిషనర్లలోనూ ప్రధానంగా అవే కొవ్వు ఆల్కహాళ్లు, అవే కేటయానిక్ (ధనావేశంతో జుట్టుకు అంటుకునే) పదార్థాలు ఉంటాయి. ముందు చవకది వాడి చూసి, చాలకపోతేనే పైకి వెళ్లొచ్చు.

స్ట్రెయిటెనింగ్ విషయంలో ఒక హెచ్చరిక. "ఫార్మాల్డిహైడ్ లేదు" అని అమ్మే కొన్ని క్రీముల్లో గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉంటుంది. అలాంటి ఉత్పత్తి వాడాక ఒక మహిళకు కిడ్నీ దెబ్బతిన్న ఉదంతాన్ని 2024లో ఒక ప్రముఖ వైద్య పత్రిక ప్రచురించింది. ఏ క్రీము వాడుతున్నారో డబ్బా చూపించమని అడగడం కస్టమర్ హక్కు. చేయించుకున్నాక వాంతులు, నడుము నొప్పి వస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

చుండ్రు, రాలుడు: ఇది మెడికల్ షాపు పని

పార్లర్, అంగడి అన్న పోటీలో మూడో కౌంటర్ మరుగున పడుతోంది. చుండ్రు వెనక మలాసీజియా అనే ఈస్ట్ ఉంటుంది. కీటోకోనజోల్ 2 శాతం షాంపూ దాని మీద నేరుగా పనిచేసే మందు. వారానికి రెండుసార్లు రాసి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. చాలామంది రాసిన వెంటనే కడిగేసి పనిచేయలేదంటారు. డాక్టర్ సలహాతో వాడే ఈ చిన్న సీసా చేసే పని, చుండ్రుకని పార్లర్‌లో చేసే హెయిర్ స్పా చేయదు.

ఇక జుట్టు రాలడం. దువ్వెనలో వచ్చిన వెంట్రుకను తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఒక కొసన చిన్న తెల్లని బొడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడింది. లేకపోతే మధ్యలో తెగింది. షాంపూ, కండిషనర్ ఆపగలిగేది తెగడాన్నే. ప్రకటనల్లో చుక్క గుర్తు పెట్టి కింద చిన్న అక్షరాల్లో "తెగడం వల్ల రాలే జుట్టు" అని రాసేదీ అందుకే. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు కుదురు నుంచి ఊడడం మామూలే. అంతకు మించి ఊడుతుంటే గత రెండు మూడు నెలల్లో టైఫాయిడ్, డెంగీ, కాన్పు, ఆపరేషన్ వంటివేమైనా ఉన్నాయా అని చూడాలి. రక్తం తక్కువుందేమో కూడా చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అలాంటప్పుడు షాంపూ మీద పెట్టే రెండు వేలలో కొంత రక్త పరీక్షకు పెడితే అసలు సంగతి తేలుతుంది.

జీఎస్టీ తర్వాత

షాంపూ, తలనూనెల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది. అంటే 118 రూపాయలకు అమ్మిన సరుకు 105కి రావాలి, దాదాపు 11 శాతం తగ్గుదల. 800 రూపాయల బాటిల్ 712కి, 400ది 356కి వస్తాయి. నిష్పత్తి మారదు, రూపాయల్లో దూరం కొంచెం తగ్గుతుంది. రూపాయి సాషేలో ధర తగ్గించడం కుదరదు కాబట్టి పరిమాణం పెంచడమే దారి.

పార్లర్ సేవలకూ 5 శాతమే, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా. అద్దె మీద, వాడే క్రీముల మీద కట్టిన పన్నును పార్లర్ ఇక తగ్గించుకోలేదు. అందుకే సేవల బిల్లు తగ్గింపు కాగితం మీద ఉన్నంత కనబడకపోవచ్చు. ఆ లోటును కౌంటర్ మీద బాటిళ్ల అమ్మకంతో పూడ్చుకోవాలన్న ఒత్తిడి పెరిగే అవకాశం కూడా ఉంది. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న పార్లర్లు జీఎస్టీ నమోదు లేకుండానే నడవవచ్చు. అలాంటిచోట బిల్లులో పన్ను ఉండదు, తగ్గేదీ ఉండదు.

పార్లర్ బ్రాండ్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో బహిరంగంగానే దొరుకుతున్నాయి. దాంతో "ఇక్కడ మాత్రమే" అన్న మాట బలం తగ్గింది, నకిలీల భయం పెరిగింది. ఎక్కడ కొన్నా సీలు, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్స్ నంబరు, వాడదగిన గడువు, ఎమ్మార్పీ చూడాలి. దిగుమతి సరుకైతే దిగుమతిదారు చిరునామా కూడా ఉండాలి. పెద్ద క్యాన్ నుంచి చిన్న సీసాలో పోసి లేబుల్ లేకుండా ఇచ్చేదాన్ని ఎంత తెలిసిన పార్లర్ అయినా తీసుకోకూడదు. బిల్లు దగ్గర పెట్టుకుంటే, తేడా వచ్చినప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫిర్యాదు చేయవచ్చు.